రెండు చేతుల మిషను

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, ఫలానా మిషను కొంటామంటున్నారు, ఏం రాయమంటారు?" అని అడుగుతుంటారు. రిటైరై పార్వతీపురంలో వాలుకుర్చీలో కూర్చున్న మనిషికి తన అవసరం ఇంకా ఉందని తెలిసే సందర్భం అదొక్కటే. అందుకని విసుక్కోకుండా చెబుతాను. నూనె ఎక్కడైనా కారుతోందేమో చూడండి, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి, అమ్మేవాడు టీ ఇప్పిస్తే తాగండి గాని వాడి మాటలు మింగకండి. అన్నీ మంచి సలహాలే. వీటన్నిటినీ తు.చ. తప్పకుండా పాటించి కూడా ఒక పెద్ద తప్పు చేశాను. అది ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

నేను అరకు కొండల్లో యంత్రాలు చూసే సూపర్‌వైజరుగా చాలా ఏళ్లు పనిచేశాను. కాఫీ పళ్ల తొక్క తీసే మిషన్లు, నీళ్ల మోటార్లు, జనరేటర్లు, రెండు ముసలి జీపులు నా ఏలుబడిలో ఉండేవి. కొత్తది ఏది కొనాలన్నా నా రిపోర్టు కావాలి. పదింటిలో తొమ్మిదింటికి 'అవసరం లేదు' అని రాసేవాణ్ణి. ఆఫీసులో నాకు 'వద్దు సారు' అని పేరు పెట్టారు. వెనకాల వెక్కిరించినా లోపల నాకది గర్వంగానే ఉండేది. సర్కారు సొమ్ము కాపాడుతున్నానని అనుకునేవాణ్ణి.

డుంబ్రిగుడ దారిలో మాకొక కట్టెల డిపో ఉండేది. చుట్టుపక్కల హాస్టళ్ల వంటశాలలకు అక్కడినుంచే వంటచెరకు వెళ్లేది. గ్యాసు వచ్చినా, ఘాట్ రోడ్డు మీద సిలిండర్ల లారీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, పొయ్యిలు ఆరలేదు. ఒక ఏడాది పెద్ద తుఫాను వచ్చి కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లను వరసలు వరసలుగా పడగొట్టింది. వాటినన్నిటినీ దుంగలుగా కోసి తెచ్చి డిపోలో పోశారు. ఆఫీసు గది కిటికీ తెరిస్తే దుంగలు తప్ప ఆకాశం కనబడేది కాదు. వాటిని చీల్చి ఆరబెట్టకపోతే వచ్చే వానలకు పుచ్చిపోతాయి. డిపో మేనేజరుకు ఆ గుట్టను చూస్తేనే నిద్ర పట్టేది కాదు. ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు, పిల్లల చదువుల కోసం ఎలాగైనా ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాలని చూస్తున్నవాడు. తన హయాంలో సరుకు పుచ్చిందంటే ఆ ట్రాన్స్‌ఫరూ పుచ్చిపోతుందని ఆయన దిగులు.

డిపోలో కట్టెలు చీల్చేవాళ్లు మూడు జోళ్లు. మనుషులను తలకాయల లెక్కన కాకుండా జోడు లెక్కన పిలవడం అక్కడి అలవాటు. కూలీ కూడా జోడుకే. ఒకరు దుంగను మొద్దు మీద నిలబెట్టి పట్టుకుంటారు, ఇంకొకరు గొడ్డలి వేస్తారు. మూడింటిలో రెండు జోళ్లు అన్నదమ్ములు. వాళ్లకు తలా కాస్త కాఫీ తోట ఉంది, డిపో పని లేకపోయినా గడిచిపోతుంది. మూడో జోడు భార్యాభర్తలు. వాళ్లకు తోట లేదు, భూమి లేదు. ఆ మొద్దు దగ్గర నిలబడే చోటే వాళ్ల ఆస్తి.

వాళ్లు పని చేస్తుంటే చూడాలని నేను పని కల్పించుకుని డిపోకు వెళ్లేవాణ్ణి. ఆవిడ దుంగ చివర ఒకసారి చూసి, రెండు వేళ్లతో కాస్త తిప్పి, సన్నగా పగులు ఉన్న వైపు గొడ్డలికి ఎదురుగా పెట్టేది. తర్వాత చెయ్యి తీసి "ఊఁ" అనేది. ఆ ఊఁ వినపడ్డాకే అతని గొడ్డలి కిందికి దిగేది. అతను ఆవిడ వైపు చూసేవాడు కాదు, దుంగ వైపే చూసేవాడు. చెవి మాత్రం ఆవిడ దగ్గర ఉండేది. రోజంతా ఆ ఆవరణలో ఊఁ, దెబ్బ, ఊఁ, దెబ్బ. ఎంత ముడి ఉన్న కట్టెనైనా రెండు దెబ్బల్లో విడగొట్టేవారు. నువ్వు మొనగాడివయ్యా అని ఒకసారి నేను మెచ్చుకుంటే అతను సిగ్గుపడిపోయాడు.

"గొడ్డలొక్కటే నాది బాబూ. కన్ను దానిది," అన్నాడు.

అలాంటి చోటికి విశాఖపట్నం నుంచి ఒక సేల్స్‌మన్ కట్టెలు చీల్చే హైడ్రాలిక్ మిషను ఫొటోలు పట్టుకుని వచ్చాడు. దాని ఖరీదు మా జీపు కొత్తగా కొన్ననాటి ధరకు కాస్త తక్కువ. మేనేజరు ఎగిరి గంతేసి పైకి రాశాడు. పైవాళ్లు ఆనవాయితీగా నాకు పంపారు. ట్రయల్ చూడకుండా నేను ఏమీ రాయనన్నాను. వారం తిరక్కుండా సేల్స్‌మన్ మిషనును ట్రక్కు మీద ఘాట్ ఎక్కించి తీసుకొచ్చాడు.

ట్రయల్ రోజు మబ్బుగా ఉంది. మిషను బల్లలా పొడుగ్గా ఉంటుంది. దాని మీద దుంగను పడుకోబెట్టాలి. ఒక చివర ఇనప కత్తి కదలకుండా ఉంటుంది. రెండో చివరనుంచి ఇనప దిమ్మె నూనె ఒత్తిడితో దుంగను ఆ కత్తి మీదికి తోస్తుంది. తోయడానికి రెండు హ్యాండిళ్లు ఉన్నాయి, వాటిని రెండు చేతులతో ఒకేసారి నొక్కి పట్టుకోవాలి. ఏ ఒక్కటి వదిలినా దిమ్మె అక్కడికక్కడ ఆగిపోతుంది. నడిపేవాడి చేతులు రెండూ హ్యాండిళ్ల మీదే ఉంటాయి కాబట్టి పొరపాటున కూడా కత్తి దగ్గరికి వెళ్లవని సేల్స్‌మన్ చెప్పాడు.

నేను ఊరికే నమ్మే రకం కాదు. నేనే నిలబడి నడిపాను. కుడి చెయ్యి వదిలి చూశాను, ఆగింది. ఎడమది వదిలాను, ఆగింది. దుంగ సగం చీలినప్పుడు వదిలాను, ముడి దగ్గర వదిలాను. ఒక హ్యాండిల్ మీద మోకాలు పెట్టి మోసం చేయబోతే అదీ కుదరలేదు. నా సర్వీసులో అంత బుద్ధిమంతమైన యంత్రాన్ని చూడలేదని అనిపించింది. గొట్టాలు చూశాను, నూనె చూశాను, ఇంజను చప్పుడు విన్నాను. 'చప్పుడు కొంచెం ఎక్కువ, చెవులకు తొడుగులు వాడాలి' అని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

సేల్స్‌మన్ ఒక్కడే మధ్యాహ్నం లోపల చీల్చిన కట్టె, మూడు జోళ్లూ రోజంతా చేసే పనికి సరిపోయింది. మేనేజరు మొహం వెలిగిపోయింది. జోళ్లవాళ్లు గోడ వారగా గొంతుక్కూర్చుని చూస్తున్నారు. ఎలా ఉంది మిషను అని వాళ్లను అడిగాను. మంచిదే అన్నారు. ఇన్నేళ్లు అక్కడ తిరిగి కూడా ఆ 'మంచిదే'ను నేను ఒప్పుకోలు కిందే తీసుకున్నాను. దొర అడిగితే కాదనకూడదని చెప్పే 'మంచిదే'కీ, నిజమైన 'మంచిదే'కీ ఉన్న తేడా నా చెవికి ఏనాడూ పట్టలేదు.

ఆవిడ ఒక్కతే లేచి మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. హ్యాండిళ్లను చూసింది, కత్తిని చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. కొండ మీద చిన్నా పెద్దా అందరినీ నువ్వనే అంటారు, అందులో అమర్యాద ఏమీ లేదు.

"బాబూ, మావోడు రెండు సేతులా ఆ కర్రలట్టుకోని నిలబడతాడు. మరి నానెక్కడ నిలబడాలో సెప్పు," అంది.

సేల్స్‌మన్ నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ అడుగుతున్నది కూలీ గురించి. అతను ఒక్కడే మిషను నడిపితే జోడు ఉండదు. జోడు లేకపోతే ఆవిడ లేదు. వాళ్ల ఇంట్లోకి వచ్చే గింజల్లో సగం లేదు. ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడింది. 

"బయపడకమ్మా, నీ పని నీకుంటాది. ఆడి పక్కనే నిలబడు," అన్నాను.

సాయంత్రం గదిలో రిపోర్టు రాయడానికి కూర్చుంటే మేనేజరూ సేల్స్‌మనూ ఎదురుగా కూర్చున్నారు. మిషను కొనవచ్చు అని రాశాను. నేను ఆ మాట రాయడం చూసి మేనేజరు ముక్కున వేలేసుకున్నాడు. మనుషులు ఎంతమంది కావాలో రాసే చోట 'నడిపేవారు ఒకరు, సహాయకులు ఒకరు' అని రాసి, బ్రాకెట్లో 'ఇప్పుడున్న భార్యాభర్తల జోడునే కొనసాగించాలి' అని చేర్చాను. మేనేజరు మెల్లిగా గొణిగాడు.

"ఒకడు సేసీ పనికి ఇద్దరికి కూలేటండీ మేస్టారూ?"

"అది నా రిపోర్టు. ఇష్టం లేకపోతే మిషను వద్దని రాసేస్తాను," అన్నాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

సేల్స్‌మన్ మాత్రం ఇంకో మాట అన్నాడు. దీనికి రెండో మనిషి అక్కర్లేదని, అక్కర్లేదనే కాదు, పక్కన ఎవరూ ఉండకూడదని పుస్తకంలో కూడా ఉందని. పుస్తకం నేనూ చదివాను. మిషను నడిచేటప్పుడు ఇతరులు దూరంగా ఉండాలని అందులో ఉన్న మాట నిజం. అది వినోదం చూడటానికి వచ్చే జనం గురించి అనుకున్నాను. పైగా కూలీ మిగుల్తుందని చూపించి మిషను అమ్ముకోవడానికి వీడు వేస్తున్న ఎత్తు ఇదని అనుకున్నాను. ఒక పేదరాలి అన్నం నిలబెట్టానన్న తృప్తితో సంతకం పెట్టాను. చెప్పడానికి సిగ్గేస్తోంది గాని, ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు జీపులో కూనిరాగం కూడా తీశాను.

మిషను వచ్చింది. తోటలున్న రెండు జోళ్లూ తోటలకు వెళ్లిపోయాయి. భార్యాభర్తలు మిగిలారు. రెండు నెలల తర్వాత సర్వీసింగు చూడటానికి వెళ్లాను. అతను చెవులకు తొడుగులు పెట్టుకుని హ్యాండిళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మొదట్లో పెట్టుకోనని పేచీ పెడుతుంటే, పెట్టుకోకపోతే పని ఆపిస్తానని నేనే గట్టిగా చెప్పి పంపాను. ఆవిడ అతని పక్కన, అంటే కత్తికీ దిమ్మెకూ మధ్య బల్ల దగ్గర ఉంది. దుంగను ఎత్తి బల్ల మీద పెట్టి, చివర చూసి, పగులు కత్తికి ఎదురుగా వచ్చేలా వేళ్లతో తిప్పి పట్టుకుని, చెయ్యి తీసి తల ఊపేది. అతను నొక్కేవాడు. ఇంజను రొదలో ఊఁ వినపడదు కాబట్టి తల ఊపడం వాళ్లే కనిపెట్టుకున్నారు.

నేను పక్కనే నిలబడి ఇదంతా చూశాను. ఈ భాగాన్ని మీరు మరిచిపోకండి. కళ్లారా చూశాను. చూసి సంతోషించాను. సహాయకురాలంటే పేరుకే కాదు, నిజంగానే పనికొస్తోందని మేనేజరుతో గొప్పగా చెప్పాను. ఆవిడ తిప్పి పెట్టడం వల్ల మిషను మీద భారం తగ్గి డీజిలు కూడా కలిసొస్తోందని రిజిస్టరులో రాశాను. అంతటి అనుభవజ్ఞుడికి, ఆ బల్ల మీద ఉన్న చేతులు నాలుగని తట్టలేదు. యంత్రం రెండింటినే కాపాడుతుంది. ఆ రెండూ అతనివి.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేశాడు. మిషను దగ్గర ఆవిడకు దెబ్బ తగిలింది, వెంటనే రమ్మన్నాడు. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి ఆవిణ్ణి విశాఖపట్నం తీసుకెళ్లడానికి బండి ఎక్కిస్తున్నారు. చెయ్యి మొత్తం గుడ్డతో చుట్టేసి ఉంది. ఆవిడ ఏడవడం లేదు, వణుకుతోంది. అతను బండి వెనక తడిసిన బట్టలతో నిలబడ్డాడు. చెవి తొడుగులు ఇంకా మెడలోనే ఉన్నాయి.

జరిగింది ఇంతే. సన్నగా జల్లు పడుతోంది. ముడి ఉన్న దుంగ ఒకటి బల్ల మీద దొర్లిపోతుంటే ఆవిడ పట్టుకుని ఆపింది. అదే సమయానికి కళ్లలో వాన నీళ్లు పడి, విదిలించుకోవడానికి తల ఆడించింది. అతను నొక్కాడు. మిషను ఎలా చెయ్యాలో అలాగే చేసింది. అతను కూడా ఎలా చెయ్యాలని చెప్పామో అలాగే, రెండు చేతులా, గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

"తలూపింది బాబూ. నాను సూసినాను, తలూపింది," అన్నాడు నాతో. ఆ బండి వెనకే నా జీపులో ఘాట్ దిగేదాకా ఆ ఒక్క మాటే అన్నాడు. టైడా ఊరు దాటాక అదీ మానేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.  ఆవిడ కుడి చేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది.

తర్వాత విచారణ. దానికి యంత్రం గురించి రాయాల్సింది మళ్లీ నేనే. ఫారంలో రెండే గళ్లు ఉన్నాయి, యంత్రలోపమా, మనిషి లోపమా అని. మిషనును విప్పి పరీక్షించాను. ఎక్కడా ఒక్క లోపం లేదు. ఉన్నట్టయితే ఎంత బాగుండునో అని ఆ రోజంతా దాని కింద పడుకుని వెతికాను. లేదు. యంత్రంలో లోపం లేదని రాస్తే రెండో గడి దానంతటదే నిండిపోతుందని నాకు తెలుసు. ఆ మనిషి ఎవరో రాయడానికి కింద నాలుగు ఖాళీ గీతలు ఉన్నాయి. అక్కడ నా పేరు రాసుకోవచ్చు. మనిషి నిలబడకూడని చోట మనిషిని నిలబెట్టమని రాసింది నేనేనని ఒక్క వాక్యం చాలు. నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు ఉంది. పెన్షన్ కాగితాలు కళ్లముందు ఆడాయి. గీతలు ఖాళీగా వదిలేశాను. పైవాళ్లు అక్కడ 'నడిపేవాని అజాగ్రత్త' అని నింపుకున్నారు. అతణ్ణి పనిలోంచి తీసేశారు.

సహాయకురాలిగా నా రిపోర్టులో పేరుండబట్టే ఆవిడకు కొంత పరిహారమైనా వచ్చిందని, లేకపోతే అదీ లేదని తోటివాళ్లు నన్ను ఓదార్చారు. అలాంటి ఓదార్పు మనిషిని ఇంకా కిందికి తొక్కుతుంది. మిషను ఇప్పటికీ డిపోలోనే ఉంది. ఆ తర్వాత సహాయకుల పోస్టు తీసేశారు. పక్క ఊరతను ఒక్కడే నడుపుతున్నాడు. ఇన్నేళ్లలో అతని ఒంటి మీద చిన్న గీత పడలేదు. దుంగల గుట్ట ఎప్పుడో కరిగిపోయింది. ఖరీదుకు తగిన వస్తువేనా అని ఇవాళ అడిగినా, కాగితం మీద అవుననే రాయాలి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

రిటైరయ్యే ముందు నెలలో వాళ్ల ఊరు వెళ్లాను. జీపు ఆపి ఒక మైలు నడవాలి. అతను ఘాట్ రోడ్డు పనికి వెళ్లాడు, వారానికోసారి గాని ఇంటికి రాడట. ఆవిడ అరుగు మీద కూర్చుని చేటలో రాజ్మా గింజల్లోని రాళ్లు ఎడమ చేత్తో ఏరుతోంది. కుడి చెయ్యి చేట కింద ఊతగా పెట్టుకుంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. కూర్చోవడానికి పక్కనున్న పీట జరిపింది. ఊళ్లో పంటలు ఎలా ఉన్నాయని అడిగాను. బాగున్నాయంది. అతని ఆరోగ్యం అడిగాను. రాత్రులు నిద్రపోడని, ఆవిడ చెయ్యి వైపు చూడడని, అన్నం పెడుతుంటే తల పక్కకు తిప్పుకుంటాడని చెప్పింది.

అప్పుడిక ఆగలేకపోయాను. తప్పు ఆయనది కాదమ్మా, నాది, అన్నాను. నిన్ను అక్కడ నిలబెట్టమని రాసింది నేను. పుస్తకంలో వద్దని ఉన్నా రాశాను. ఆ తర్వాత అడిగినప్పుడు కూడా నిజం రాయలేదు, అందుకే ఆయన పని పోయింది. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆఫీసులో ఏ కాగితం మీదా రాయలేని మాటలు ఆ అరుగు మీద వచ్చేశాయి. ముప్పై ఏళ్ల సర్వీసు చేసినవాణ్ణి, ఆవిడ ముందు ఏడ్చాను.

ఆవిడ చేట పక్కన పెట్టింది.  నన్ను తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కోరుకున్నాను.

"నువ్వేటి సేత్తావు బాబూ. కూడు పోకండా సూసినావు," అంది. తర్వాత చేట మళ్లీ దగ్గరికి లాక్కుని, చిన్న గొంతుతో, "మిసను మంచిదే. అందల నానే ఎక్కువైపోనాను," అంది.

ఆ మాటలో నిష్ఠూరం ఏమైనా ఉందేమోనని ఆవిడ మొహంలో వెతికాను. లేదు. నన్ను ఓదార్చడానికి అంది.